రెండు విమానాశ్రయముల నడుమ రాయచూరు

గత మాఘమాసమున మా బంధువర్గములో ఒక వివాహము జరిగినది. వరునివారు కర్నూలు చేరువ ఓర్వకల్లు ప్రాంతమువారు. కన్యవారు తుంగభద్ర యెడమ కాలువ క్రింది క్యాంపునుండి వెళ్లి కలబురగిలో స్థిరపడినవారు. మేము రాయచూరు కాపురస్థులము గనుక మగపెండ్లివారు దారిలో మా యింట దిగి భోజనము చేసి పోవుటకు ఏర్పాటైనది. తెల్లవారుజామున 5 గంటలకు బయలుదేరిన బస్సు పదింటికి గాని మా వాకిట ఆగలేదు. రోడ్డు బాగుగా లేదనియు, పెద్దవారి నడుములు పట్టినవనియు అందరును చెప్పుకొనుచుండిరి.

అప్పుడు మా అన్నగారి మనుమడు, ఇంజనీరింగు చదువుచున్న పిల్లవాడు, చేతిలోని ఫోను చూపి మమ్ము ప్రశ్నించెను. “తాతయ్యా, ఓర్వకల్లులో విమానాశ్రయం ఉంది, కలబురగిలోనూ ఉంది. రెండింటి మధ్య దూరం 218 కిలోమీటర్లేనట. విమానంలో అరగంట పని. మరి వీళ్లంతా చీకటితో లేచి బస్సెక్కడం ఎందుకు?”

పిల్లవాని ప్రశ్నకు అందరును నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు. మేము ఒక ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తాగా ముప్పదియెనిమిది సంవత్సరములు పని చేసితిమి. అందులో సగము కాలము ఉద్యోగుల ప్రయాణ భత్యపు బిల్లులను సరిచూచుటయే మా పని. ఏ యూరికి ఏ యూరు ఎంత దూరము, దేనికి సమీప మార్గమేది యను ప్రశ్న మా బల్లపైకి రాని దినము లేదు. పిల్లవాడు అడిగినది అట్టి ప్రశ్నయే. దానికి సమాధానము రాయచూరు జిల్లా చరిత్రలో కలదు. మన కుటుంబముల చరిత్రలో మరింత కలదు. అందుచే ఈ సంచికకు దానినే విషయముగా గ్రహించితిమి.

1. గీతపై దూరము

మొదట లెక్క చూతము. ఓర్వకల్లు విమానాశ్రయము ఉత్తర అక్షాంశము 15.71 డిగ్రీలు, తూర్పు రేఖాంశము 78.16 డిగ్రీల చెంత నున్నది. కలబురగి విమానాశ్రయము 17.31, 76.96 డిగ్రీల చెంత నున్నది. ఉత్తర దక్షిణములుగా భేదము 1.6 డిగ్రీలు. ఒక్కొక్క డిగ్రీ సుమారు 110.6 కిలోమీటర్లు గనుక అది 177 కి.మీ. అగును. తూర్పు పడమరలుగా భేదము 1.2 డిగ్రీలు. మన యీ ప్రాంతమున రేఖాంశపు డిగ్రీ సుమారు 107 కి.మీ. గనుక అది 128 కి.మీ. అగును. ఈ రెండును భుజములుగా లంబకోణ త్రిభుజము గీచినచో కర్ణము 218 కి.మీ. వచ్చును. విమానము నడుపువారు వాడు సముద్రపు మైళ్లలో ఇది 118. పదవ తరగతి చదువుతో పెన్సిలు పట్టి మేము చేసిన లెక్కయు, పిల్లవాని ఫోను చెప్పిన లెక్కయు ఒక్కటియే అయినవి.

డెబ్బది మంది కూర్చుండు రెండు పంకాల విమానము గంటకు దాదాపు 500 కి.మీ. పోగలదు. ఆ వేగమున 218 కి.మీ.కు 26 నిమిషములు చాలును. నేలపై పరుగు, పైకెక్కుట, క్రిందికి దిగుట కలుపుకొన్నను ముప్పావు గంట దాటదు. ఆ గీతను పటముపై గీచి చూచినచో అది మన రాయచూరు పట్టణమునకు తూర్పుగా పోవును. అనగా మన జిల్లా ఆ రెండు విమానాశ్రయములకు నడుమ వాకిలివలె నున్నది.

లెక్క ఇంత సులువుగా నుండగా పెండ్లివారు బస్సెక్కుట యేల? దూరము ఒకటి, ప్రయాణకాలము వేరొకటి. దూరమును భూమి నిర్ణయించును. ప్రయాణకాలమును మాత్రము బాట వేసినవాడు ఎవని కొరకు, ఎచ్చటికి వేసెనో అది నిర్ణయించును. ఈ మాటకు మన ప్రాంతపు చరిత్రయే సాక్ష్యము.

2. ఏరుల నడిమి నేల

రాయచూరు కృష్ణా తుంగభద్రల నడిమి అంతర్వేది. ఉత్తరమునకు పోవలెనన్న కృష్ణ అడ్డము. దక్షిణమునకు పోవలెనన్న తుంగభద్ర అడ్డము. అయినను ఇది ఏనాడును ఒంటరి సీమ కాదు. మన జిల్లాలోని మస్కి గ్రామమున 1915లో బయటపడిన శిలాశాసనములో అశోక చక్రవర్తి పేరు స్పష్టముగా చెక్కబడియున్నది. పాటలీపుత్రమునుండి ఆజ్ఞ మస్కి బండవరకు నడిచి వచ్చినదన్నమాట.

రాయచూరు కోటను చూచినవారు పడమటి గోడలోని పెద్దరాతిని ఎరుగుదురు. నలుబది అడుగులకు మించిన పొడవుగల ఆ ఒక్క రాతిపై, కాకతీయుల కాలమున, 1294లో కోట కట్టిన సంగతి చెక్కబడినది. ఆ గోడపైననే ఆ రాతిని గనినుండి తెచ్చిన విధమును చిత్రముగా చెక్కిరి. దిమ్మచక్రముల బండి, దానికి బారులుగా పూన్చిన దున్నపోతులు, చక్రములకు మీటలు వేసి త్రోయు మనుష్యులు అందులో కనబడుదురు. రాయచూరు సీమలో రవాణాను గూర్చి ఇంతకన్న చక్కని పాత దాఖలా మేము చూడలేదు. రాజుల పేర్లు అనేక శాసనములలో నుండును. బండి తోలినవారి శ్రమకు బొమ్మ వేయించుట అరుదు.

ఆ దినములలో దూరమును ఆమడలలో చెప్పుకొనుచుండిరి. నాలుగు క్రోసులు ఒక ఆమడ. క్రోసు రెండు మైళ్లకు అటునిటు. నడచువాడును బండివాడును దినమునకు రెండామడలు పోయినచో మంచి ప్రయాణమనుచుండిరి. ఏరు వచ్చినచో ఆ లెక్క తప్పును. సుమారు 1520లో విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఆనెగొంది యొద్ద తుంగభద్రను దాటించు పుట్టిని వర్ణించినాడు. బుట్టవలె గుండ్రముగా నుండి, లోపల బెత్తము, వెలుపల తోలు గలిగి, పదునైదు ఇరువది మందిని మోయుననియు, తిన్నగా పోజాలక గిరగిర తిరుగుచు పోవుననియు వ్రాసినాడు. అదే 1520లో కృష్ణదేవరాయలు బిజాపురపు ఇస్మాయిల్ ఆదిల్ షాతో పోరి రాయచూరు కోటను గెలిచినాడు. రెండు రాజ్యములును ఈ కోటకై తరతరములు పోరుటకు కారణమేమి? రెండేరుల రేవులును, వాని నడిమి బాటయు ఈ కోట అదుపులో నుండుటయే ముఖ్య కారణము.

17వ శతాబ్దిలో వజ్రముల కొరకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే తాను చూచిన ఒక గని గోలకొండకు అయిదు దినముల ప్రయాణమనియు, బిజాపురమునకు ఎనిమిది తొమ్మిది దినముల ప్రయాణమనియు వ్రాసినాడు. ఆ గని కర్నూలు దాపున నున్న రామళ్లకోటయని పలువురు పండితుల అభిప్రాయము. రామళ్లకోటకును బిజాపురమునకును తిన్నగా కొలిచినచో సుమారు 280 కి.మీ. కలదు. ఆ వర్తకుని నడకతో మన 218 కి.మీ.లను భాగించినచో ఏడు దినములు తేలును. నేటి ముప్పావు గంట యనునది నాటి ఏడు దినములకు సమానమని పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

3. ఇనుప బాట వచ్చిన విధము

మన సీమకు పెద్ద మార్పు 1871లో వచ్చినది. బొంబాయి వైపునుండి గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేవారును, మదరాసు వైపునుండి మదరాసు రైల్వేవారును వేసుకొని వచ్చిన పట్టాలు ఆ యేడు రాయచూరులో కలిసినవి. ఒకరు కృష్ణకు వంతెన కట్టి వచ్చిరి. మరియొకరు తుంగభద్రకు కట్టి వచ్చిరి. బొంబాయి సుమారు 440 మైళ్లు, మదరాసు సుమారు 350 మైళ్లు. రెండు మహానగరములకును రైలు బాట ముడివేసిన ఊరు మన రాయచూరు.

రైలుతో గడియారము కూడ వచ్చినది. అంతకు పూర్వము ఏ యూరి మధ్యాహ్నము ఆ యూరిదే. రైళ్లకు ఒకే కాలము కావలసి మదరాసు కాలమును విరివిగా వాడిరి. అది బొంబాయి కాలముకన్న అరగంట ముందు. 1906 జనవరి 1వ తేదీనుండి దేశమంతటికిని ఒకే కాలము ఏర్పడినను బొంబాయి నగరము తన కాలమును 1955 వరకు వదలలేదు. ప్రయాణకాలమును కొలుచుటకు ముందు కాలమేదో ఒప్పందము కావలెనని ఆ కథవలన తెలియుచున్నది.

అయితే ఆ బాట మన కొరకు వేసినది కాదు. బొంబాయిని మదరాసుతో కలుపుటకు వేసినది. దారిలో నున్నందున మనకు లభించినది. దారిలో లేని ఊళ్లకు ఏమి జరిగినదో చూడుడు. అప్పుడు మన జిల్లాకు రాజధాని హైదరాబాదు. తిన్నగా కొలిచినచో 110 మైళ్లకు కొంచెము ఎక్కువ. 1874లో నిజాము ప్రభుత్వపు రైలు వాడీనుండి సికింద్రాబాదునకు పడినది గాని రాయచూరునుండి తిన్నగా పడలేదు. రాయచూరువారు ఉత్తరమునకు వాడీ వరకు పోయి, అచ్చటినుండి తూర్పునకు తిరిగి హైదరాబాదు చేరవలెను. ఆ చుట్టు దాదాపు 180 మైళ్లు. ఈ చుట్టు ప్రయాణము నూరేండ్లకు పైగా సాగినది. 2013లో గద్వాల–రాయచూరు రైలు బాట తెరువబడినది. 2023 అక్టోబరు 1న జక్లేరు–కృష్ణా బాట జాతికి అంకితమై, ఆ దారిని కాచిగూడ–రాయచూరు రైలు బయలుదేరినది. సమీప మార్గము భూమిపై నుండుట వేరు, పట్టాలపై నుండుట వేరు. రెండింటికిని నడుమ ఇచ్చట నూట యేబది సంవత్సరములు గడిచినవి.

కృష్ణపై దేవసూగూరు చెంత రోడ్డు వంతెన సిరాత్-ఎ-జూడీ 1930–1940 దశాబ్దములలో నిజాము ప్రభుత్వము కట్టించినది. అంతవరకు బండ్లకును మనుష్యులకును పుట్టియే గతి. వరద వచ్చినచో రేవున ఎన్ని దినములైనను కూర్చుండవలసినదే.

4. ఎవరును కదలక పెరిగిన దూరము

రోడ్లు రైళ్లు మారకుండగనే దూరములు మారుట మన పెద్దలు కన్నులార చూచిరి. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్నిర్మాణము జరిగి రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రమున కలిసినది. గద్వాల, ఆలంపురము తాలూకాలు మాత్రము ఆంధ్రప్రదేశమునకు పోయినవి. ముందునాటి వరకు రాజధాని సుమారు 200 కి.మీ. దూరము. మరునాడు ఉదయమునకు అది బెంగుళూరై 400 కి.మీ.కు మించినది. ఏ ఇల్లును కదలలేదు. దరఖాస్తు ప్రయాణకాలము మాత్రము ఇబ్బడి ముబ్బడి ఆయెను. గద్వాలలో పిల్లనిచ్చినవారికి వియ్యపుటిల్లు పరరాష్ట్రమైనది. 1953 అక్టోబరు 1నుండి 1956 వరకు ఆంధ్రరాష్ట్రమునకు కర్నూలే రాజధాని. ఆ మూడేండ్లు మాత్రము ఒక రాజధాని మన జిల్లాకు పొరుగున నుండినది.

మన కుటుంబములు ఇచ్చటికి వచ్చినదియు ఆ దశాబ్దముననే. తుంగభద్ర ఆనకట్టకు 1945లో పునాది వేసిరి. 1953లో నీరు వదలిరి. సుమారు 140 మైళ్ల పొడవుగల యెడమ కాలువ క్రింద సింధనూరు, మాన్వి, గంగావతి తాలూకాలలో నల్లరేగడి భూములకు నీరు వచ్చినది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు ఊళ్లోని ఎకరము అమ్మి ఇచ్చట కొన్ని యెకరములు కొనిరి. గుడారములు, పాకలు వేసికొన్న తావులకు క్యాంపులని పేరు వచ్చినది. నేడు అవి మేడలతో, గుడులతో, బడులతో నిండిన ఊళ్లయినను పేరు క్యాంపుగనే నిలిచినది. మా నాయనగారును అట్లు వచ్చినవారే. మేము సింధనూరు తాలూకాలోని ఒక క్యాంపున పుట్టి, అచ్చటి బడిలో తెలుగు చదివి, సింధనూరులో పదవ తరగతి ముగించితిమి.

ఇచ్చట మా స్వంత అనుభవమొకటి చెప్పక తప్పదు. 1979 శ్రావణమాసమున మా క్యాంపునకు ఒక తంతి వచ్చినది. “తల్లికి ప్రమాదము, వెంటనే రండి” అని అందు వ్రాసియుండెను. తంతిలో ప్రమాదమనిన అర్థమేమో అందరును ఎరుగుదురు. మా నాయనమ్మ నరసరావుపేట ప్రాంతపు స్వగ్రామమున చనిపోయినది. సోమవారము ఉదయము ఇచ్చిన తంతి మంగళవారము మధ్యాహ్నమునకు మా చేతికి వచ్చినది. ఆలస్యమునకు ఎవరిని నిందించగలము? వాన పట్టి యుండెను. క్యాంపునుండి పెద్దరోడ్డు వరకు మూడు మైళ్ల రేగడి బురద. అన్నగారిని చేను చూచుకొనుటకు వదలి, నాయనగారును మేమును చెప్పులు చేతబట్టుకొని నడచితిమి. సింధనూరు చేరునప్పటికి చీకటి పడినది. రాత్రి బస్సు లేదు. బస్సుస్టాండులో కూర్చుంటిమి. బుధవారము ఉదయపు బస్సు నాలుగు గంటలు నడిచి రాయచూరున దింపినది. రాత్రి రైలెక్కి తెల్లవారునప్పటికి గుంతకల్లు చేరితిమి. అచ్చట పెద్ద గేజి దిగి మీటరు గేజి రైలెక్కవలెను. ద్రోణాచలము, నంద్యాల, నల్లమల అడవి, మార్కాపురము. ఆ రైలు పగలెల్ల నడిచి గురువారము రాత్రికి నరసరావుపేట చేర్చినది. శుక్రవారము ఉదయము ఊరిలో అడుగు పెట్టితిమి.

ఊరివారు ఒక దినమంతయు మా కొరకు చూచిరట. అంతకన్న నిలుపుట సాధ్యము కాలేదు. మంగళవారము సాయంకాలము మా బాబాయిగారు తలకొరివి పెట్టిరి. మేము చేరునప్పటికి అస్థిసంచయనము కూడ అయినది. మా నాయనగారు జ్యేష్ఠపుత్రులు. వాకిట నిలిచి ఒక్క మాటయు అనలేదు. చేతిసంచి క్రింద పెట్టి, బాబాయిగారి చేయి పట్టుకొని “నీవే పెద్దవాడవురా” అనిరి. ఆ మాట మాకు నేటికిని చెవులలో నున్నది. మా క్యాంపునుండి ఆ యూరు తిన్నగా కొలిచినచో 350 కి.మీ. లోపు. తంతి ఇచ్చిన ఘడియనుండి మేము చేరిన ఘడియకు నాలుగు దినములు. అనగా టావెర్నియే నడకకు మూడింతలైనను కాలేదు.

తిరిగి వచ్చిన పిమ్మట నాయనగారు మాచేత ఒక కాగితము వ్రాయించిరి. క్యాంపునుండి స్వగ్రామమునకు పోవుటకు ఏ బస్సు ఎన్ని గంటలకు, ఏ రైలు ఎన్నింటికి, ఎచ్చట మారవలెను, ఎచ్చట ఎంతసేపు కూర్చుండవలెను అను వివరము అందు వ్రాసి తలుపు వెనుక అంటించిరి. అది చూచి ఇరుగుపొరుగువారు తమ తమ ఊళ్లకు వ్రాసి పెట్టుమనిరి. భీమవరము, గుడివాడ, తెనాలి, తణుకు అని ఎన్నో కాగితములు వ్రాసితిమి. గుమాస్తా పనికి మా మొదటి అభ్యాసము అదియే. తరువాత కార్యాలయమున దూరముల పట్టిక పట్టుకొని బిల్లులు సరిచూచునప్పుడెల్ల, కిలోమీటర్లకు గడియున్నది గాని బురదకును, బస్సుస్టాండు రాత్రికిని గడి లేదు గదాయని తోచుచుండెడిది.

5. రెక్కల బండ్లు

విమానమును మన సీమ ఆలస్యముగా చూచినదనుట తప్పు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీనుండి బొంబాయికి టపా విమానము నడిపినాడు. అచ్చటినుండి నెవిల్ విన్‌సెంట్ ఆ టపాతో బయలుదేరి రాత్రి బళ్లారిలో ఆగి మరునాడు మదరాసు చేరినాడు. మన పొరుగు బళ్లారి ఆ విధముగా టాటావారి మొట్టమొదటి విమాన టపా దారిలో మజిలీ అయినది. ఆ దారి తరువాత హైదరాబాదు మీదుగా మార్చబడినది. ఇచ్చటను పాత కథయే. బొంబాయిని మదరాసుతో కలుపుట లక్ష్యము, మధ్యనున్నవారికి దక్కినది కొంతకాలపు భాగ్యము.

2008 మార్చిలో హైదరాబాదు విమానాశ్రయము శంషాబాదునకు మారుట మనకు మేలే చేసినది. మహబూబునగరము మీదుగా పోవు రాయచూరువారికి పట్టణము దాటకుండగనే అది తగులును. అమెరికాలోనున్న పిల్లలు దిగునదియు అచ్చటనే. పిమ్మట చిన్న పట్టణములకు విమానములు నడుపు ఉడాన్ పథకము వచ్చినది. 2014లో గుల్బర్గా పేరు కలబురగిగా మారిన పట్టణమున 2019 నవంబరు 22న విమానాశ్రయము ప్రారంభమైనది. ఓర్వకల్లులో 2021 మార్చి 25న ప్రారంభమై, 28నుండి బెంగుళూరు, చెన్నపట్టణము, విశాఖపట్టణములకు విమానములు నడిచినవి. 1846లో కుంఫిణీ దొరలపై తిరుగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు దానికి పెట్టిరి.

ఇప్పుడు పిల్లవాని ప్రశ్నకు వత్తము. 2021లో రెండు చోట్లనుండియు బెంగుళూరునకు విమానము నడిచినది గాని ఒకదానినుండి మరియొకదానికి నడువలేదు. కావున ఓర్వకల్లునుండి కలబురగికి ఎగిరి పోదలచినవాడు మొదట దక్షిణముగా 282 కి.మీ. బెంగుళూరునకు పోయి, అచ్చట దిగి, కూర్చుండి, మరియొక విమానమెక్కి ఉత్తరముగా 461 కి.మీ. రావలెను. మొత్తము 743 కి.మీ. అనగా 218 కి.మీ. దారికి మూడింతలకు పైగా. ఆకాశమున గడుపునది రెండు గంటలు దాటును. విమానమునకు ముందు వేచియుండుట, నడుమ వేచియుండుట, ఊరినుండి విమానాశ్రయమునకు పోవుట కలుపుకొన్నచో సమయములు చక్కగా కుదిరిననాడు కూడ ఏడెనిమిది గంటలు. రోడ్డున రాయచూరు మీదుగా 280నుండి 300 కి.మీ. లోపు, ఆరేడు గంటలు. ఎగురువానికన్న దొర్లువాడే ముందు చేరును.

ఇందులో ఎవరి తప్పును లేదు. రెండు చిన్న ఊళ్ల నడుమ దినమునకు డెబ్బది మంది దొరకరు. దొరకనిచో ఇంధనపు ఖర్చు రాదు. రాజధానికి మాత్రము నలువైపులనుండియు జనులు వత్తురు. కావున విమానపు దారులన్నియు బండిచక్రపు ఆకులవలె కుంభమునుండి బయలుదేరును గాని ఒక ఆకుకొననుండి మరియొక ఆకుకొనకు పోవు. 1871నాటి రైలుబాట, 1932నాటి టపా విమానము, 2021నాటి ప్రయాణికుల విమానము మూడును ఒకే న్యాయమును పాటించినవి. దూరముననున్న పెద్దలను కలుపుట, పొరుగువారిని పొరుగువారికి వదలుట.

కాని పొరుగువారి అవసరము తక్కువదా? రాయచూరు జిల్లావాడు హైకోర్టు వ్యాజ్యమునకు కలబురగి పోవలెను. ధర్మాసనము 2008లో అచ్చట ఏర్పడి 2013లో శాశ్వతమైనది. మన తెలుగువారికి కర్నూలులో వైద్యము, చుట్టరికము. రెండింటి నడుమ మన ఇల్లు. మన పట్టణపు సమీపమున యరమరస్ వద్ద విమానాశ్రయమునకు భూమి కేటాయించి పనులు పెట్టిరి. అది పూర్తి యగుననియు, దానినుండి విమానములు ఎగురుననియు మేమును ఆశించుచున్నాము. అయితే అదియు రాజధానికే ఎగిరినచో మన పొరుగు దూరములు తగ్గవు. వానిని తగ్గించునది మంచి రోడ్డు, ఏరుపై వంతెన, పట్టణమునుండి పట్టణమునకు పోవు పాసెంజరు బండి. 2024లో సింధనూరునకు రైలు వచ్చిననాడు మేము చూడబోతిమి. మా నాయనగారు రాత్రియంతయు కూర్చున్న బస్సుస్టాండు ఆ ఊరనే కలదు. ఆయన ఉండినచో బాగుండునని తోచినది.

6. తలుపు వెనుక కాగితము

ఈ సంచికను చదువు కుటుంబములకు ఒక మనవి. మనలో మొదటి తరమువారు ఇప్పుడు వ్రేళ్లపై లెక్కించదగినంతమంది గలరు. వారు ఏ యేట, ఏ రైలున, ఏ బండిన, ఎన్ని దినములకు ఈ సీమ చేరిరో, వెంట ఏమి తెచ్చుకొనిరో, ఏ ఏటిని ఏ విధముగా దాటిరో అడిగి వ్రాసి పెట్టుడు. రాజుల యుద్ధములకు శాసనములున్నవి. రైలు కంపెనీలకు దస్తరములున్నవి. పుట్టిలో గిరగిర తిరుగుచు ఏరు దాటిన మన అవ్వలకు మన నోటిమాట తప్ప వేరు శాసనము లేదు. కోట గోడపై దున్నపోతుల బండిని చెక్కించినవాడు చేసిన పనియే మనమును కాగితముపై చేయవలసియున్నది.

పెండ్లివారు భోజనములైన పిమ్మట రెండు గంటలకు బయలుదేరి సంధ్యవేళకు కలబురగి చేరినట్లు కబురు వచ్చినది. ఆ రాత్రి మేము పెట్టెలోనుండి నాయనగారి కాగితము తీసితిమి. ఊరు మారినప్పుడు తలుపునుండి ఊడదీసి దాచినది. అంచులు చిరిగినవి గాని అక్షరము చెడలేదు. పిల్లవాడు దానిని ఫోనులో ఫోటో తీసికొని, “తాతయ్యా, దీనిలో ఒక వరుస కలుపుదామా?” అనెను. మేము క్రింద ఇట్లు వ్రాసితిమి:

ఓర్వకల్లునుండి కలబురగికి: గీతపై 218 కి.మీ., బెంగుళూరు మీదుగా ఎగిరిన 743 కి.మీ., రోడ్డున రాయచూరు మీదుగా ఆరేడు గంటలు. తెల్లవారుజామున 5 గంటలకు బయలుదేరవలెను. దారిలో భోజనము మా యింట.